ఇల్లు వాళ్ళది, షిఫ్ట్ మనది: సపోర్టెడ్ లివింగ్‌లో క్వాలిటీ ఎక్కడ తప్పిపోతోంది

ఇంగ్లండ్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి వాళ్ళింట్లోనే సాయంగా ఉండే సపోర్ట్ వర్కర్‌గా నా మొదటి షిఫ్ట్‌కి వెళ్ళేముందు నాకు ఫోన్లో చెప్పింది గుమ్మం పక్కన గోడకి బిగించిన కీ సేఫ్ కోడ్. ఆ ఇంట్లో ఉండే ముగ్గురి పేర్లు ఆ తర్వాత చెప్పారు. బెల్ కొట్టక్కర్లేదు, కోడ్ నొక్కు, తాళంచెవి తీసుకో, లోపలికెళ్ళిపో అన్నారు, నేనూ అలాగే వెళ్ళిపోయాను, హాల్లో సోఫాలో కూర్చున్న పెద్దాయన ఒకసారి తలెత్తి నన్ను చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. ముక్కూ మొహం తెలీని మనిషి తిన్నగా మన హాల్లోకి నడిచొస్తే మనం ఎంత ఉలిక్కిపడతాం చెప్పండి. ఆయన ఉలిక్కిపడలేదు. అంటే అప్పటికి ఎంతమంది అలా వచ్చి వెళ్ళారో, ఎన్ని మొహాలకి ఆయన అలవాటుపడిపోయాడో. ఇల్లు మాత్రం చట్టప్రకారం ఆయనదే, టెనెన్సీ పేపర్ మీద ఆయన పేరే ఉంది.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట క్లియర్ చేసుకోవాలి. లర్నింగ్ డిజెబిలిటీ అనగానే తెలుగువాళ్ళలో చాలామందికి డిస్లెక్సియా గుర్తొస్తుంది, అక్షరాలు తారుమారవడం, లెక్కలు రాకపోవడం. బ్రిటన్‌లో ఆ మాటకి అర్థం వేరు, మనం మేధో వైకల్యం అనేదాన్నే అక్కడ లర్నింగ్ డిజెబిలిటీ అంటారు. కొత్త విషయం అర్థం చేసుకోడానికి, డబ్బు చూసుకోడానికి, వంట చేసుకోడానికి, ఒంట్లో నొప్పి ఎక్కడుందో చెప్పడానికి జీవితాంతం ఎంతోకొంత సాయం కావాల్సిన మనుషులు. దేశం మొత్తంలో 15 లక్షల మంది దాకా ఉంటారని అంచనా. చాలామంది ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటారు, కొందరు కేర్ హోమ్స్‌లో ఉంటారు, మిగిలినవాళ్ళలో చాలామందికి ఉన్న దారి సపోర్టెడ్ లివింగ్.

ఐడియా చాలా మంచిది, అందులో నాకు ఏ డౌటూ లేదు. కేర్ హోమ్‌లో గదీ, కేరూ ఒకే ప్యాకేజీలో వస్తాయి, కేర్ నచ్చకపోతే గది కూడా వదులుకోవాల్సిందే. సపోర్టెడ్ లివింగ్‌లో ఆ రెండూ విడివిడి. ఇల్లు ఒక హౌసింగ్ అసోసియేషన్ దగ్గరో ఓనర్ దగ్గరో అద్దెకి తీసుకుంటారు, ఆ మనిషే టెనెంట్, అద్దె ప్రభుత్వం ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్‌లోంచి పోతుంది, సపోర్ట్ వేరే కంపెనీ ఇస్తుంది, దానికి డబ్బు కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, కడుతుంది. సపోర్ట్ కంపెనీ బాగోలేకపోతే దాన్ని మార్చొచ్చు, ఇల్లు మారక్కర్లేదు. కాగితం మీద ఇంతకంటే గౌరవమైన ఏర్పాటు ఉండదు. కాకపోతే, ఇంటి ఓనరూ సపోర్ట్ కంపెనీ అగ్రిమెంట్ మీద జంటగా నడిచే చోట్ల, ఆ ఇంట్లో ఉంటే ఈ కంపెనీనే భరించాలి అన్నట్టు అయిపోతుంది, అక్కడ ఆ విడివిడి అనేది పేరుకే.

ఇది ఊరికే వచ్చిన ఐడియా కాదు. కార్డిఫ్‌లోని ఈలీ హాస్పిటల్లో మనుషుల్ని కొడుతున్నారని, వాళ్ళ సామాన్లు కాజేస్తున్నారని 1967లో పేపర్లో వచ్చి, 1969లో ఎంక్వైరీ రిపోర్ట్ బయటికొచ్చాక అలాంటి పెద్ద పెద్ద హాస్పిటళ్ళని మూసేయాలన్న ఆలోచనకి బలం వచ్చింది. అవి మూతపడ్డానికి దశాబ్దాలు పట్టింది. పాతవి మూస్తుంటే ఇంకోవైపు ప్రైవేట్ హాస్పిటళ్ళు పుట్టుకొచ్చాయి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే 24 పడకల యూనిట్‌లో స్టాఫ్ పేషెంట్లని నేలకేసి అదిమి పెట్టడం, చెంపదెబ్బలు కొట్టడం 2011 మే నెలలో బీబీసీ పనోరమా రహస్య కెమెరాతో చూపించింది. 11 మంది నేరం ఒప్పుకున్నారు, ఆరుగురు జైలుకెళ్ళారు. ఒక్కో మనిషికి వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రభుత్వ డబ్బు కట్టి మరీ అక్కడ ఉంచారు. 2014 జూన్ కల్లా హాస్పిటల్లో ఉండక్కర్లేని అందరినీ ఊళ్ళోకి, మామూలు ఇళ్ళలోకి తీసుకొస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ గడువు దాటి ఏళ్ళు గడిచినా ఇంగ్లండ్‌లో సుమారు 2,000 మంది ఇంకా హాస్పిటల్ యూనిట్లలోనే ఉన్నారు. బయటికొచ్చినవాళ్ళ సంగతి ఏంటి అనేదే నా ప్రశ్న. గోడ చిన్నదైంది, పడకలు 24 నుంచి మూడో నాలుగో అయ్యాయి, కానీ లోపల రోజు గడిచే పద్ధతి మారిందా?

చాలా ఇళ్ళలో మారలేదు. ఇది ఒకటి రెండు ఇళ్ళు చూసి అంటున్న మాట కాదు, ఏజెన్సీ తరఫున, మనిషి తక్కువైన ఇంటికల్లా వెళ్ళి షిఫ్టులు చేసినవాళ్ళెవరైనా చెప్తారు. ఇంట్లోకి అడుగుపెట్టగానే హాల్లో ఫైర్ నోటీస్, గ్లవ్స్ డబ్బా, గోడ మీద ఎవరికి ఎప్పుడు డ్యూటీయో రాసిన రోటా, ఒక బెడ్‌రూమ్‌ని స్టాఫ్ ఆఫీస్ చేసేసి దానికి తాళం, ఒక టాయిలెట్ మీద స్టాఫ్ ఓన్లీ అని బోర్డ్. ఎవరింట్లో ఎవరికి బోర్డ్! ఒకాయనకి తిండి మీద కంట్రోల్ లేదని ఫ్రిజ్‌కి తాళం వేస్తే, ఆ తాళం మిగతా ఇద్దరికీ పడుతుంది, వాళ్ళకి పాలు కావాలన్నా స్టాఫ్‌ని అడగాలి. ఇవేవీ క్రూరత్వం కాదు, ఎవరూ ఎవర్నీ కొట్టట్లేదు. కానీ రోజూ నెమ్మదిగా ఇల్లు కాస్తా డ్యూటీ స్థలంగా మారిపోతుంది, అందులో ఉండే మనిషి డ్యూటీలో ఒక ఐటమ్ అయిపోతాడు.

ఈ రంగంలో క్వాలిటీ అంటే ఏంటి అని చాలా ఏళ్ళు పరిశోధన చేసినవాళ్ళలో కెంట్ యూనివర్సిటీ టిజర్డ్ సెంటర్‌కి చెందిన జిమ్ మాన్సెల్ ఒకరు. 1993లో, మళ్ళీ 2007లో ప్రభుత్వం కోసం రిపోర్టులు రాశారు. వాళ్ళ పని మొత్తం మీద తేలిందేంటంటే చిన్న ఇళ్ళు పెద్ద సంస్థల కంటే సగటున మేలే, కానీ చిన్న ఇళ్ళలోనే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా చాలా ఎక్కువ, ఆ తేడా గోడల వల్లా ఫర్నిచర్ వల్లా రాదు, స్టాఫ్ ఆ మనిషితో గంటగంటకీ ఏం చేస్తున్నారు అన్నదాని వల్ల వస్తుంది. దీన్నుంచి వచ్చిన పద్ధతినే యాక్టివ్ సపోర్ట్ అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే ఆ మనిషి కోసం చేసిపెట్టకుండా ఆ మనిషితో కలిసి చేయడం. టీ పెట్టాలి అనుకోండి, నేను పెడితే మూడు నిమిషాలు. ఆయనతో పెట్టిస్తే పావుగంట, కప్పు ఆయనే తీస్తాడు, టీబ్యాగ్ ఆయనే వేస్తాడు, వేడినీళ్ళు మాత్రం చెయ్యి పట్టుకుని ఇద్దరం పోస్తాం, కొంచెం ఒలుకుతుంది, ఒలికింది కూడా ఆయనే తుడుస్తాడు. ఆ పావుగంట ఆయన తనింట్లో తాను బతికిన పావుగంట. మూడు నిమిషాల టీ తాగినప్పుడు ఆయన హోటల్లో కస్టమర్ లాగా కూర్చున్నాడంతే, అది కూడా ఆర్డర్ ఇవ్వని కస్టమర్.

మరి ఎందుకు చేయట్లేదు అంటే బద్ధకం అని చెప్పేస్తే సరిపోదు. మధ్యాహ్నం రెండున్నరకి హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్ట్‌వాళ్ళకి అప్పగించడం, ఆలోపు మందులు ఇచ్చి మార్ చార్ట్ అనే మందుల రికార్డ్‌లో సంతకం పెట్టాలి, ఫ్రిజ్ టెంపరేచర్ రాయాలి, డబ్బులు లెక్కచూసి రసీదులు అంటించాలి, ముగ్గురికీ డైలీ నోట్స్ రాయాలి. ఇవన్నీ చేయకపోతే మేనేజర్ అడుగుతుంది, ఆడిట్‌లో దొరుకుతాం. టీ ఆయనతో పెట్టించావా అని ఎవరూ అడగరు. అడగనిది జరగదు, ఎక్కడైనా అంతే. డైలీ నోట్స్ తిరగేసి చూడండి, బ్రేక్‌ఫాస్ట్ తిన్నాడు, మందులు వేసుకున్నాడు, మూడ్ బాగుంది, సెటిల్డ్, అంటే గొడవేం లేకుండా ఉన్నాడు. పక్కరోజు కూడా అదే. నెల మొత్తం అదే. ఆ సెటిల్డ్ అనే మాట నేనూ వందలసార్లు రాశాను, ఆ రోజు ఆయన దేనికి నవ్వాడో మాత్రం ఒక్కసారి కూడా రాసినట్టు గుర్తులేదు.

షిఫ్ట్ అనేది ఇంటిని ఎలా మింగేస్తుందో చెప్పడానికి బ్రైటన్ వైపు జరిగిన సంగతి ఒకటుంది. హెవీ లోడ్ అనే పంక్ బ్యాండ్, అందులో లర్నింగ్ డిజెబిలిటీ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి వాయించేవాళ్ళు. వాళ్ళ షోలకి వచ్చిన జనం రాత్రి తొమ్మిదయ్యేసరికి, పాటలు మంచి ఊపులో ఉండగా, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నచ్చక కాదు. తోడొచ్చిన సపోర్ట్ వర్కర్ షిఫ్ట్ పదికి అయిపోతుంది, ఈలోపు ఇంటికి చేర్చాలి. ఇది చూసీ చూసీ ఆ బ్యాండ్‌వాళ్ళే స్టే అప్ లేట్ అని క్యాంపెయిన్ మొదలుపెట్టారు. నలభై ఏళ్ళ మనిషి ఎన్నింటికి ఇంటికి రావాలో ఆఫీస్‌లో కూర్చుని రోటా వేసేవాళ్ళు డిసైడ్ చేస్తున్నారంటే ఆయన ఉంటున్నది ఇల్లా హాస్టలా? పది గంటల హ్యాండోవర్‌ని పన్నెండుకి జరపడం అసాధ్యమేం కాదు, జరిపిన ఇళ్ళున్నాయి, కాకపోతే ముందు ఎవరో ఒకరు ఆ మనిషి సాయంత్రం ఏం చేద్దామనుకుంటున్నాడో అడిగి, దాన్నిబట్టి రోటా వేయాలి. ఎక్కువ చోట్ల రోటా ముందు, మనిషి తర్వాత.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే దీన్ని వదిలేసి క్వాలిటీ గురించి మాట్లాడ్డం అంటే వేరుని వదిలేసి ఆకులకి నీళ్ళు చల్లడమే. కేర్ హోమ్‌లో ఉండే మనిషి చేతికి వారానికి మిగిలేది సుమారు 30 పౌండ్లు. సపోర్టెడ్ లివింగ్‌లో అయితే తన బెనిఫిట్స్ తనవే, చేతిలో ఆడే డబ్బు ఎక్కువ, ఇది నిజమైన లాభం. కౌన్సిల్‌కి కూడా లాభమే, ఎందుకంటే ఇంటి ఖర్చు కేర్ బడ్జెట్ మీంచి హౌసింగ్ బెనిఫిట్ మీదకి మారుతుంది. ఇక్కడే ప్రమాదం మొదలైంది. ఉన్న కేర్ హోమ్‌నే, అదే బిల్డింగ్‌ని, అవే గదుల్ని, అదే స్టాఫ్‌ని ఉంచి, రిజిస్ట్రేషన్ మార్చి, టెనెన్సీ పేపర్ల మీద సంతకాలు పెట్టించి, ఇక నుంచి ఇది సపోర్టెడ్ లివింగ్ అన్న సందర్భాలు చాలా ఉన్నాయి. బోర్డ్ మారినప్పుడు దాంతోపాటు కొన్ని జాగ్రత్తలు కూడా ఊడిపోతాయి.

రిచర్డ్ హ్యాండ్లీ కథ అదే. సఫోక్‌లోని లోస్టాఫ్ట్‌లో ఉండేవాడు, డౌన్ సిండ్రోమ్, దాంతోపాటు పుట్టినప్పట్నుంచీ తీవ్రమైన మలబద్ధకం. దానికి జాగ్రత్తగా తిండి చూసుకోవాలి, రోజూ కడుపు సంగతి రాసిపెట్టుకోవాలి. ఆయన ఉన్న కేర్ హోమ్ 2010లో సపోర్టెడ్ లివింగ్‌గా మారింది. 2012 నవంబర్‌లో ఇప్స్‌విచ్ హాస్పిటల్లో 33 ఏళ్ళకి చనిపోయాడు. ఆపరేషన్ చేసి కడుపులోంచి 10 కిలోల మలం తీశారు. 10 కిలోలు. ఒక్కరోజులో అంత పేరుకోదు కదా, కడుపు ఉబ్బుతూ ఉంటే రోజూ ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు, అన్నం పెట్టారు, బట్టలు మార్చారు, నోట్స్ రాశారు. చావుకి కారణం తేల్చే విచారణ, ఇంక్వెస్ట్ అంటారు, 2018లో ముగిసింది, అందులో ఒకటి తర్వాత ఒకటి చేజారిన అవకాశాలు బయటపడ్డాయి. నేనెప్పుడు డైలీ నోట్స్ రాయడానికి కూర్చున్నా ఈ మనిషి గుర్తొస్తాడు.

ఇలాంటి చోట తరచూ వినపడే మాట, అది ఆయన ఛాయిస్. తెలియనివాళ్ళకి ఈ మాట వినడానికి ఎంతో బావుంటుంది. మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 చాలా మంచి చట్టం, ఎదుటి మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి ఉందనే మొదలుపెట్టాలి అంటుంది, మనకి తెలివితక్కువగా కనపడ్డ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనకూడదు అంటుంది. కానీ ఇదే చట్టం అర్థమయ్యేలా చెప్పడానికి చేయగలిగిన ప్రయత్నమంతా చేయాలి అని కూడా అంటుంది, ఆ లైన్ ఎవరికీ గుర్తుండదు. స్నానం చేయనన్నాడు, ఛాయిస్. పండ్లు తిననన్నాడు, ఛాయిస్. డాక్టర్ దగ్గరికి రానన్నాడు, ఛాయిస్, క్యాన్సిల్. ఎందుకు రానంటున్నాడు, పోయినసారి సూది గుచ్చినప్పుడు ఎవరైనా ముందుగా చెప్పారా, బొమ్మలు చూపించి చెప్తే వస్తాడా, నచ్చిన వర్కర్ తోడుంటే వస్తాడా, ఇవేవీ ఆలోచించకుండా ఛాయిస్ అని రాసి పక్కన పెట్టేయడం గౌరవం కాదు, పచ్చిగా చెప్పాలంటే వదిలేయడం. విచిత్రంగా, అదే ఇంట్లో అదే మనిషి ఒక్కడే బయటికెళ్తానంటే మాత్రం ఛాయిస్ గుర్తుకురాదు, రిస్క్ అసెస్‌మెంట్ గుర్తొస్తుంది. మనకి పని పెంచే కోరిక రిస్క్, పని తగ్గించే కోరిక ఛాయిస్. చెషైర్ వెస్ట్ కేసులో 2014లో సుప్రీం కోర్టు జడ్జి లేడీ హేల్ పంజరం బంగారందైనా పంజరమే అన్నారు, ఎంత ప్రేమగా చూసుకున్నా ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండి వదిలి వెళ్ళనివ్వకపోతే అది స్వేచ్ఛ తీసేయడమే, దానికి చట్టపరమైన పరిశీలన ఉండాలని ఆ తీర్పు చెప్పింది. ఆ పరిశీలన సొంత ఇళ్ళలో ఉన్నవాళ్ళ విషయంలో నిర్ణయం తీసుకునే శక్తి లేనివాళ్ళ కేసులు చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ దాకా వెళ్ళాలి, వెళ్ళాల్సిన కేసులన్నీ వెళ్తున్నాయని ఈ పని చేసేవాళ్ళెవరూ నమ్మరు.

ఇక నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది, తెలిసిన మనిషి. నేను పనిచేసిన ఒక ఇంట్లో మాటలు రాని ఒకాయన ఉండేవాడు. ఒక వారం ఇంట్లో లైట్లన్నీ ఆపేయడం మొదలుపెట్టాడు, మేం వేస్తే మళ్ళీ ఆపుతాడు, మూడోసారి వేసినప్పుడు నా చెయ్యి గట్టిగా తోసేశాడు. ఇన్సిడెంట్ ఫామ్ రాశాం, బిహేవియర్ ఎస్కలేట్ అవుతోంది అని. ఇంకో రెండు ఫామ్‌లు పడేసరికి అవసరమైతే ఇచ్చే పీఆర్ఎన్ మందు గురించి మాట వచ్చింది. అంతలో ఆయన్ని తొమ్మిదేళ్ళు చూసుకుని మానేసిన పాత వర్కర్ ఒకావిడ, ఏదో కార్డ్ ఇద్దామని వచ్చి, లైట్లు చూసి, చెవిలో నొప్పేమో డాక్టర్‌కి చూపించారా అంది. చెవి నొప్పొస్తే ఆయనకి వెలుతురు పడదు, చిన్నప్పట్నుంచీ అంతేనట. ఇన్ఫెక్షనే. యాంటీబయాటిక్ వేశాక లైట్లు మామూలుగా వెలిగాయి. సపోర్ట్ ప్లాన్ 60 పేజీలుంది, అందులో ఈ ముక్క లేదు. ఆవిడ తలలో ఉంది, ఆవిడతో పాటే బయటికెళ్ళిపోయింది.

ఆవిడ ఆ రోజు రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. నొప్పినీ జబ్బునీ వైకల్యం ఖాతాలో రాసేయడం, వీళ్ళు ఇంతేలే అనుకోవడం, ఈ రంగంలో పాత రోగం. లర్నింగ్ డిజెబిలిటీ ఉండి చనిపోయినవాళ్ళ కేసుల్ని పరిశీలించే లెడర్ అనే ప్రోగ్రాం ఇంగ్లండ్‌లో ఉంది. దాని లెక్క ప్రకారం 2022లో చనిపోయినవాళ్ళలో సగం మందికి 63 ఏళ్ళు కూడా నిండలేదు, ఆ చావుల్లో 42 శాతం తప్పించగలిగినవే, మామూలు జనాభాలో అది 22 శాతం. సైకోసిస్ లాంటి మానసిక జబ్బేదీ లేకుండానే రోజూ యాంటీసైకోటిక్కో యాంటీడిప్రెసెంటో వేసుకుంటున్న పెద్దవాళ్ళు 30,000 నుంచి 35,000 మంది దాకా ఉంటారని 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అంచనా వేసింది, దాని మీదే మరుసటి ఏడాది స్టాంప్ అనే క్యాంపెయిన్ వచ్చింది. ఆ మందులు ఎక్కడ మొదలవుతాయి? మేం రాసిన ఇన్సిడెంట్ ఫామ్ లాంటి కాగితం దగ్గర. 2016లో 18 ఏళ్ళ ఆలివర్ మెగోవన్ బ్రిస్టల్ హాస్పిటల్లో చనిపోయాడు, యాంటీసైకోటిక్ వద్దని తనూ ఇంట్లోవాళ్ళూ చెప్పినా ఇచ్చారు. ఆయన పేరు మీదే ఇప్పుడు స్టాఫ్‌కి ట్రైనింగ్ వచ్చింది, లర్నింగ్ డిజెబిలిటీ, ఆటిజం గురించి స్టాఫ్‌కి నేర్పించి తీరాలని 2022 చట్టం తప్పనిసరి చేసింది. మంచిదే, కానీ ట్రైనింగ్ తీసుకున్న మనిషి ఆర్నెల్లకి మానేస్తే ఆ ఇంటికి మిగిలేది సర్టిఫికెట్ కాపీ మాత్రమే.

మానేయడం కూడా ఆశ్చర్యం కాదు. ఈ రంగం ఉద్యోగుల లెక్కలు చూసే స్కిల్స్ ఫర్ కేర్ అనే సంస్థ ప్రకారం 2023-24లో ఇంగ్లండ్ అడల్ట్ సోషల్ కేర్‌లో ఏడాదిలో నాలుగోవంతు మంది ఉద్యోగం వదిలారు. ఐదేళ్ళు చేసినవాళ్ళకీ నిన్న చేరినవాళ్ళకీ గంట జీతంలో తేడా కొన్ని పెన్నీలే. అంటే ఆ పాత వర్కర్ తొమ్మిదేళ్ళ జ్ఞాపకానికి మార్కెట్ ఇచ్చిన విలువ కొన్ని పెన్నీలు. రాత్రి స్లీప్-ఇన్, అంటే అవసరమైతే లేచేలా ఆ ఇంట్లోనే పడుకునే షిఫ్ట్, దాని సంగతి ఇంకా బాధ. సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన కేసులో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు ఆ ఇంట్లోనే ఉండాల్సిన వర్కర్‌కి ఇచ్చింది 29.05 పౌండ్లు. నిద్రపోతున్నంతసేపూ మినిమం వేజ్ వర్తించదని 2021లో కోర్టు తేల్చేసింది. చట్టం ప్రకారం అది కరెక్టే కావచ్చు, ఆ జీతానికి మనిషి నిలబడతాడా అనేది చట్టం చూసే ప్రశ్న కాదు.

ఆ ఖాళీల్లోకే మనవాళ్ళం వచ్చాం. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి వీసా తెరిచారు, 2024 మార్చి నుంచి కుటుంబాన్ని తీసుకురాకుండా ఆపారు, 2025 జూలైలో బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఈ మధ్యలో వచ్చినవాళ్ళలో, స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు చేస్తున్నవాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందో నేను చెప్పక్కర్లేదు. స్పాన్సర్‌షిప్ ఒక్క కంపెనీ చేతిలో ఉన్నప్పుడు ఇంట్లో తప్పు జరిగితే నోరు తెరవడం ఎంత భయమో నాకు తెలుసు, ఆ మనిషికి హాని జరుగుతోందని సేఫ్‌గార్డింగ్ కంప్లైంట్ చేస్తే వీసా ఏమవుతుందో అన్న భయంతో చూసీ చూడనట్టు ఊరుకున్న మనుషుల్ని కలిశాను. వాళ్ళని తప్పుపట్టలేను, కానీ ఆ మౌనానికి బలయ్యేది సోఫాలో కూర్చున్న మనిషే.

మన వైపు నుంచి కూడా ఒకటుంది. ఇద్దరు తెలుగువాళ్ళం ఒకే షిఫ్ట్‌లో పడితే ఆయన తలమీదుగా తెలుగులో మాట్లాడేసుకుంటాం, ఆయనింట్లో ఆయనకి అర్థంకాని భాషలో, గంటలకి గంటలు. ఆ మాటల్లో ఆయన గురించి వస్తే, వాడు తిన్నాడా, వాడికి స్నానం అయిందా అంటాం. ఆయనకి 56 ఏళ్ళు. మనింట్లో ఆ వయసు మనిషిని వాడు అంటామా? ఇంగ్లీషులో ఈ తేడా కనపడదు కాబట్టి ఎవరూ పట్టుకోరు, మనకి మాత్రం తెలుసు. నేను ఆయన అనడం మొదలుపెట్టిన తర్వాత, అలవాటు పడ్డానికి రెండు వారాలు పట్టింది, బాత్రూం తలుపు తట్టకుండా తీయడం నాకే ఇబ్బందిగా అనిపించడం మొదలైంది.

మరి ఇన్‌స్పెక్షన్ లేదా అంటే ఉంది, ఇంగ్లండ్‌లో కేర్ సర్వీసుల్ని తనిఖీ చేసే సీక్యూసీ, అంటే కేర్ క్వాలిటీ కమిషన్, ఉంది. సేఫ్‌గా ఉందా, కేరింగ్‌గా ఉందా లాంటి ఐదు ప్రశ్నలు వేసుకుని అవుట్‌స్టాండింగ్ నుంచి ఇనడిక్వేట్ దాకా రేటింగ్ ఇస్తుంది. కానీ సపోర్టెడ్ లివింగ్‌లో వాళ్ళు రెగ్యులేట్ చేసేది పర్సనల్ కేర్‌ని, ఇంటిని కాదు. అది ప్రైవేట్ ఇల్లు కాబట్టి ఉండే మనిషి ఒప్పుకోకుండా లోపలికి రాలేరు, ఇది ఆ మనిషి హక్కుకి గౌరవం కూడా, కాదనను. ఫలితం ఏంటంటే ఇన్‌స్పెక్షన్ బరువంతా ఆఫీస్ మీద, ఫైళ్ళ మీద పడుతుంది, ఒక కంపెనీ ఒకే రిజిస్ట్రేషన్ కింద చాలా ఇళ్ళు నడుపుతుంటే వాటిలో కొన్నే చూస్తారు, ఆ కొన్నిట్లో లేని ఇంటికి కూడా అదే గుడ్ రేటింగ్ అంటుకుంటుంది. 2024లో పెనీ డాష్ చేసిన సమీక్ష సీక్యూసీ పనితీరులోనే పెద్ద లోపాలున్నాయని చెప్పింది, అది చూడాల్సిన సర్వీసుల్లో ఐదోవంతుకి అసలు రేటింగే రాలేదని బయటపెట్టింది. సపోర్టెడ్ హౌసింగ్ మీద 2023లో వచ్చిన కొత్త చట్టం ఓనర్ల వైపు కొంత కట్టడి తెస్తుంది, ఇల్లు పాడుబడి ఉంటే అది పనికొస్తుంది, ఇల్లు బాగుండి లోపల రోజు పాడైతే పనికిరాదు.

అందుకే కౌన్సిళ్ళు కొనే పద్ధతి మారాలంటాను. ఇప్పుడు కొనేది గంటలు, వారానికి ఇన్ని వన్-టు-వన్ గంటలు, ఇన్ని షేర్డ్ గంటలు, ఒక స్లీప్-ఇన్. ఆ గంటల్లో ఎవరొచ్చినా గంట గంటే, ఇన్‌వాయిస్‌లో తేడా ఉండదు. మంచి ఇల్లు కూడా ఒకటి చూశాను, అందులో గొప్ప సామానేం లేదు, కార్పెట్ కూడా పాతదే. ముగ్గురు టెనెంట్లు, ఏడుగురు వర్కర్లు, ఆ ఏడుగురిలో ఐదుగురు చాలా ఏళ్ళుగా అక్కడే. కొత్త వర్కర్ ఇంటర్వ్యూకి ఒక టెనెంట్ కూర్చునేది, ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే, నీకు కుక్కలంటే ఇష్టమేనా. ఆఫీస్ గది లేదు, ఫైళ్ళు వంటగది అల్మారాలో. అందరూ బెల్ కొట్టి, ఎవరో వచ్చి తలుపు తీసేదాకా బయట నిలబడేవాళ్ళు, వానలో కూడా. ఆ మేనేజర్‌ని అడిగితే జీతం కంపెనీ చేతిలో ఉంది, నా చేతిలో లేదు, రోటా నా చేతిలో ఉంది, మనుషుల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిప్పను అంది. ఆ ఒక్క పట్టుదల కోసం ఆవిడ ఆఫీస్‌తో ఎన్ని గొడవలు పడేదో తర్వాత తెలిసింది.

కౌన్సిల్ కాంట్రాక్ట్ రివ్యూలో అడగాల్సిన ప్రశ్న నా దృష్టిలో చాలా చిన్నది, రోటా చూస్తే పదినిమిషాల్లో జవాబు దొరుకుతుంది. పోయిన నెలలో ఈ మనిషి ఇంట్లోకి మొత్తం ఎంతమంది వేర్వేరు మనుషులు వచ్చారు, వాళ్ళలో ఏడాది కిందట కూడా వచ్చినవాళ్ళు ఎంతమంది? ఇంట్లోవాళ్ళు కూడా ఇదే అడగాలి, కేర్ ప్లాన్ అప్‌డేట్ అయిందా అని అడిగేకంటే ఇది అడగాలి. నా మొదటి షిఫ్ట్ జరిగిన ఇంట్లో ఒకరోజు రాత్రి పనేమీ లేక పాత రోటాలు తీసి ఆ సోఫా పెద్దాయన పేరు ఎదురుగా ఉన్న వర్కర్ల పేర్లు లెక్కపెట్టాను. ఒక్క నెలకే రెండు చేతుల వేళ్ళూ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చాను. అందులో సగం పేర్లు నాకూ తెలియవు, ఏజెన్సీ అని మాత్రమే రాసున్న షిఫ్టులకి అసలు పేర్లే లేవు.